కడిగిన బొగ్గు

ఎల్.బి.నగర్,
9 మార్చి 2024

జ్యోతి బిడ్డకు మామ రాసేది,

మేం మంచిగనే ఉన్నం. నువ్వు ఆ దూరం దేశంల ఎట్ల ఉన్నవో.

నువ్వు చెప్పిన బొగ్గు చేసిన. ఒక సంచి పంపుతున్న. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు కాడ చెరుకురసం బండ్లు ఉంటయి గద. అక్కడ రాజు అని మన నల్గొండాయన ఉన్నడు. పిప్పి అంతా నాకే ఇస్తున్నడు. "ఎడ్ల కోసం తీస్కపోతున్నవా పెద్దయ్యా" అని అడిగిండు. నీళ్ళ కోసం అన్న. 

పిప్పి వారం దినాలు ఎండబెట్టిన. రేకు డ్రమ్ముల కుక్కి, మూతకు సన్న తూటు పెట్టి, చుట్టు మంట పెట్టిన. గాలి తగలకుంటే బొగ్గు. గాలి తగిలితే బూడిద. ఇది నాకు కొత్త గాదు. ఊర్ల మా నాయిన తుమ్మ మొద్దులకు మట్టి గప్పి కాల్చెటోడు. నేను నలభై ఏండ్ల సంది ఇస్త్రీ పెట్టెల బొగ్గే పోస్తున్న. కని చెరుకు పిప్పి బొగ్గు ఇదే మొదలు. మస్తు తేలిక. తుమ్మితే లేచిపోతది.

తర్వాత నువ్వు పంపిన డబ్బల పొడి నీళ్ళల్ల కలిపి, బొగ్గు ఒక దినం నానబెట్టిన. సున్నపు తేట పోసిన. నీడకు ఎండబెట్టిన. అంతా తుప్పు పట్టినట్టు ఎర్రగ అయింది. నువ్వు రాసిన కాయితంల ఎట్లున్నదో అట్లనే చేసిన.

ఫోన్ల నాకు సరిగ వినపడదు. వినపడ్డా మాట రాదు. నీకు ఎరుకనే. అందుకే రాసుడు.

మీ అత్త రాములమ్మ సకినాలు చేసింది. బొగ్గు సంచిల పెట్టుమంటది. ఎట్ల పెడతనే అన్న. పొద్దుగూకేదాక మాట్లాడలే.

ఉంట,
మామ, బక్కయ్య

●

బీహార్,
26 మార్చి 2024

మామా,

సంచి అందింది. సకినాలు లేవు. అత్త దిక్కే న్యాయం ఉన్నది.

నీ బొగ్గు ఎంత మంచిగ పని చేసిందో ఎట్ల చెప్పాలె! ఇక్కడి పంపు నీళ్ళు పోసి పరీక్ష చేసినం. పది పాళ్ళ ఆర్సెనిక్ విషం ఉంటే తొమ్మిది పాళ్ళు పట్టేసింది. ఆరు వారాలల్ల పోసేటన్ని నీళ్ళు రెండు దినాలల్లనే పోసి చూసినం, అయినా పట్టుకుంటనే ఉన్నది. మా నీళ్ళ పరీక్షల ఆఫీసుల నాతోటి పనిచేసే విజయదుర్గ కుర్చీల నుంచి లేచి గంతేసింది. ఆమెది కాకినాడ. "మీ మావయ్యగారు మనిషా మంత్రగాడా అండీ" అంటున్నది. ఇస్త్రీ చేస్తడు అని చెప్పిన. "అయితే మా చీరలకీ ఏదైనా మంత్రం వెయ్యమనండి" అన్నది.

ఇక్కడ గంగ ఒడ్డున ఒక బడి ఉంది మామా. అరవై మంది పిల్లలు. బడి ముంగట చేతిపంపు ఉంది. దానికి ఎర్ర రంగు వేసి ఉంటది. ఎర్ర రంగంటే ఆ నీళ్ళు తాగొద్దని. చూస్తే తేటగ ఉంటయి, రుచి మామూలే, లోపల విషం. ఏండ్ల కొద్ది తాగినోళ్ళ అరచేతులల్ల చుక్కలు చుక్కలుగ గట్టిపడుతయి. పిల్లలకు తాగే నీళ్ళు అర కిలోమీటరు దూరం నుంచి మోసుకురావాలె. బడిల వంట చేసే ఫూల్‌మతి తెస్తది. ఆమె మెడ చూస్తే నాకు నిద్రపట్టది.

అందుకే మూడు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి, నడిమి కుండల నీ బొగ్గు పోస్తం. జూన్ల బడి తెరిచేనాటికి నాలుగు సంచులు కావాలె. చేస్తవా?

ఒక్క ఫిర్యాదు ఉంది. నీ సంచి విప్పంగ నా కొత్త తెల్ల చున్నీ మీద తుప్పు పడ్డది. ఎంత ఉతికినా పోతలేదు. ఇస్త్రీ బక్కయ్య మేనకోడలు చున్నీకి మరకా అని లోకం నవ్వుతున్నది!

నీ
జ్యోతి

●

ఎల్.బి.నగర్,
13 ఏప్రిల్ 2024

బిడ్డా,

ఉత్తరం చదివిన. చున్నీ సంగతి చదివి పానం చివుక్కుమన్నది.

నువ్వు నవ్వులాటకు రాసినవు. ఎరుకనే. కని నీకొకటి చెప్పలే ఎన్నడు. నువ్వు పుట్టకముందు సరూర్‌నగర్ల బండి పెట్టిన కొత్తల, ఒకాయన పెండ్లి అంగి ఇచ్చిండు. మల్లెపువ్వు లెక్క తెలుపు. నా పెట్టె అడుగు తుప్పు పట్టి ఉన్నది. నేను చూసుకోలే. నీళ్ళు చల్లి పెట్టె పెట్టిన. రొమ్ము మీద పడ్డది మరక. వాళ్ళ నాయిన గల్లీల నలుగురి ముంగట అంగి ఎత్తి పట్టి, "చూడండ్రి, ఇదీ ఈయన పని" అన్నడు.  నాలుగు నెల్లు ఆ గల్లీ ముఖం చూడలే.

అప్పటి సంది రోజు పొద్దుగాల పెట్టె అడుగు గరుకు కాయితంతోటి రుద్దుత. తుప్పు మా పనికి శత్రువు.

చున్నీ పంపు. నిమ్మకాయ, ఉప్పు పెట్టి ఎండల ఆరేస్తె పోతది. తర్వాత నేర్చుకున్న ఇది.

నాలుగు సంచులు చేస్త. నా బండి పక్క అపార్టుమెంట్ల ఉండే ఉదయలక్ష్మి మేడం పొగ వస్తున్నదని లొల్లి పెట్టింది. "మా ఇంట్లో కర్టెన్లన్నీ కంపు కొడుతున్నాయి తాతగారూ" అన్నది. డ్రమ్ము కర్మన్‌ఘాట్ దిక్కు ఖాళీ ప్లాటుకు మార్చిన. మేడం వాళ్ళ కర్టెన్లు నేనే ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చిన.

మామ

●

ఎల్.బి.నగర్,
3 జూన్ 2024

బిడ్డా,

నాలుగు సంచులు పార్సిల్ చేసిన. చీటీ దీంట్ల పెట్టిన.

ఎండలకు చెరుకురసం మస్తు నడుస్తున్నది. పిప్పికి కొదవ లేదు. పిండిన నిమ్మచెక్కలు కూడ రాజు బుట్టెడు ఇచ్చిండు.

మంచిగ చేసిన. నువ్వు చూస్తే నీకే తెలుస్తది. ఈపారి నీ బట్టకు ఏం గాదు. తెల్లది కట్టుకొని విప్పు.

రాములమ్మ కొంచెం నడుం నొప్పంటున్నది. మందు పూసిన. తగ్గుతది.

మామ, బక్కయ్య

●

బీహార్,
7 జులై 2024

మా బంగారు మామకు,

పెట్టినం! బడిల కుండలు పెట్టినం!

ఆనాడు నేను పాట్నాల మీటింగుకు పోయిన. విజయదుర్గనే నాలుగు సంచులు విప్పి కుండలల్ల పోసింది. "ఎంత నల్లగా, ఎంత శుభ్రంగా ఉందో" అని మెసేజ్ పెట్టింది. నేను ముసురు ఆగినంక వచ్చేసరికి కుండలు నిండి, నీళ్ళు కారుతున్నయి. మొదటి రోజు పరీక్ష మంచిగనే వచ్చింది. మళ్ళీ పరీక్ష ఆరు వారాలకు. అప్పటిదాక ఢోకా లేదు, పోయినసారి చూసినం గద.

ఇంకో మాట. తెల్లారి నేను బడికి పోయేసరికి పంపు నీలంగ ఉన్నది! నీలమంటే ఇక్కడ తాగొచ్చని. ఫూల్‌మతి వాళ్ళ ఇంటి తలుపుకు తెచ్చిన రంగు మిగిలితే తెచ్చి వేసిందట. ఎర్రది కనపడకుండ వేసింది. "ఇక మోయను" అని చేతులు దులుపుకున్నది. ఈ బొగ్గు ఎవరు చేసిండ్రని అడిగింది. మా మామ, హైదరాబాదుల బట్టలు ఇస్త్రీ చేస్తడు అన్న. హైదరాబాదు దిక్కు ఏదని అడిగి, అటు తిరిగి దండం పెట్టింది.

నీకు ఎప్పుడన్న పొలమారిందా? ఆమెనే.

చిన్నప్పుడు నీ బండి కింద నీడల కూర్చొని లెక్కలు చేసిన పిల్లనే ఇదంత చేస్తున్నదంటే నాకే నమ్మబుద్ధి కాదు. అమ్మ ఉంటే చూసేది.

జ్యోతి

●

బీహార్,
25 ఆగస్టు 2024

మామా,

ఎట్ల మొదలుపెట్టాలో తెలుస్తలేదు.

ఆరు వారాల పరీక్ష చేసినం. నీళ్ళల్ల ఆర్సెనిక్ ఎర్ర పంపుకు ఎంత ఉండెనో దాదాపు అంతే ఉన్నది. మూడుసార్లు చేసినం. అంతే. మొదటి వారంలనే బొగ్గు పని చెయ్యుడు ఆగిపోయినట్టున్నది. అరవై మంది పిల్లలు ఏడు వారాలు ఆ నీళ్ళే తాగిండ్రు, మంచివని. అంతకు ముందు వాళ్ళకు దూరం నుంచన్న మంచి నీళ్ళు వచ్చేవి. మేం పోయి చెడగొట్టినం.

డాక్టరు ఏడు వారాలకు పెద్దగ ఏం కాదన్నడు. కని ఆ మాట ఫూల్‌మతికి ఎట్ల చెప్పాలె? ఎట్లనో చెప్పిన. ఆమె ఇంటికి పోయి ఎర్ర రంగు తెచ్చింది. నీలం మీద ఎర్ర రంగు వేస్తుంటే నేను అక్కడ నిలబడలేకపోయిన. ఇప్పుడు మళ్ళీ బిందె నెత్తినెత్తుకున్నది.

కుండలు నింపింది విజయదుర్గ. మొదటి పరీక్ష చేసింది ఆమెనే. ఏం చేసినవో చెప్పు అని అందరి ముంగట అడిగిన. "మీరు చెప్పినట్టే చేశానండీ" అన్నది. నేను గట్టిగ అన్న. అనకూడని మాట అన్న. ఆమె ఏడ్వలే. పరీక్ష లెక్కలు రాసిన నోటుబుక్కు నా ముంగట పెట్టింది.

నువ్వు ఫికర్ చెయ్యకు. నీ బొగ్గు మీద నాకు అనుమానం లేదు.

జ్యోతి

●

ఎల్.బి.నగర్,
8 సెప్టెంబర్ 2024

(ఈ ఉత్తరం అప్పుడు పోస్టు కాలేదు.)

జ్యోతీ,

నీ ఉత్తరం జేబుల పెట్టుకొని వారం తిరిగిన.

ఆ అపార్టుమెంట్ల మూడో అంతస్తు జోగారావు సారుకు అంగీలు ఇయ్యపోయిన. సారు దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైండు. అడగనా వద్దా అని తలుపు కాడ్నే నిలబడ్డ. "ఏంటయ్యా బక్కయ్యా, గుమ్మానికి కాపలానా?" అన్నడు. సారూ, నీళ్ళల్ల ఆర్సెనిక్ పట్టే బొగ్గుకు తుప్పు ఎందుకు పట్టిస్తరు అని అడిగిన.

సారు నవ్విండు. "ఆర్సెనిక్ అంటే ఏమనుకున్నావు, పాషాణం! దాన్ని పట్టేది ఆ తుప్పేనయ్యా. బొగ్గు ఉట్టి ఇల్లు. తుప్పు ఆ ఇంట్లో మనిషి. మనిషి లేని ఇంట్లో దొంగ పడితే పట్టేదెవరు?" అన్నడు.

అంగీలు ఆడ పెట్టి దిగి వచ్చిన. మెట్ల మీద కూర్చున్న. 

బిడ్డా, నేను కడిగిన.

నాలుగు సంచులు కడిగిన. నీ చున్నీ పాడయిందన్నవు. మళ్ళా నా చేతి నుంచి తుప్పు పోయి నీ వాళ్ళ బట్ట మీద పడొద్దనుకున్న. నిమ్మచెక్కలు నీళ్ళల్ల పిసికి, అందుల బొగ్గు వేసి, మూడు నీళ్ళు మార్చిన. ఎర్రదంతా పోయింది. నల్లగ, నిగనిగ వచ్చింది. నాకు సంబురమైంది. గంజి లెక్కనే అనుకున్న. బట్ట తాగేది తాగుతది, పైన పేరుకున్నది దులిపితే ఏం గాదు గద. ఇదీ అంతే అనుకున్న.

రాములమ్మ చూసి అన్నది కూడ. "బొగ్గు కడిగేటోన్ని నిన్నే చూసిన. పాలు తేనా?" అన్నది. పనిచేసేటోని కాడ నవ్వొద్దన్న.

ఆ పిల్ల తప్పు లేదు. నాది.

●

ఎల్.బి.నగర్,
9 సెప్టెంబర్ 2024

జ్యోతి బిడ్డకు,

ఉత్తరం అందింది. చదివిన.

ఇక్కడ వానలు పడుతున్నయి. చంపాపేట్ రోడ్డు మీద మోకాలు దాక నీళ్ళు. బండి రెండు దినాలు తియ్యలే. గల్లీల వినాయకుని పందిరి మీద పిల్లలు పట్టా కప్పిండ్రు. మీ అత్త నడుం తగ్గింది.

నువ్వు పరేషాన్ కాకు. తిండి టైముకు తిను.

మామ

●

బీహార్,
22 సెప్టెంబర్ 2024

మామా,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, కోపమొచ్చింది. నేను ఇంత రాస్తే చంపాపేట్ నీళ్ళ సంగతి రాసినవ్. నా మనసు మళ్ళియ్యాలని చూసినవని అత్తకు చెప్పిన.

రెండుసార్లు ఫోన్ చేసిన. రెండుసార్లు నువ్వు బజారుకు పోయినవన్నది అత్త. నీ వయసుల అంత బజారేంది?

ఒక్కటే అడుగుత. ఆఫీసు వాళ్ళు అడగమన్నరు. ఆ పొడి నీళ్ళల్ల నాలుగు సంచుల బొగ్గు నానబెట్టినవా? లేక తొందరల ఏ సంచన్న ఊకెనే కట్టినవా? ఏమున్నా చెప్పు. నేనేం అనుకోను.

విజయదుర్గను ఇంటికి పొమ్మన్నరు. తేల్చేదాక అంట.

జ్యోతి

●

ఎల్.బి.నగర్,
1 అక్టోబర్ 2024

బిడ్డా,

నానబెట్టిన. నాలుగూ. ఒక దినం. సున్నపు తేట కూడ పోసిన.

మామ

●

బీహార్,
14 అక్టోబర్ 2024

మామా,

దసరా మొక్కులు. ఇక్కడ జమ్మి ఆకు దొరకలే. మనసులనే ఇచ్చుకున్న నీకు, అత్తకు.

నీ ఉత్తరం ఆఫీసు వాళ్ళకు చదివి వినిపించిన. ఒక సారు "పెద్దాయన గద, మరిచి ఉంటడేమో" అన్నడు. నాకు రోషమొచ్చింది. మా మామ నలభై ఏండ్లల ఎవరి గుండీ కూడ పోగొట్టలే, మాట తప్పలే, అబద్ధం ఆడుడు రాదు అన్న. 

ఇక మిగిలింది విజయదుర్గనే. రిపోర్టుల ఆమె పేరు రాసిండ్రు, నింపుడుల, పరీక్షల అజాగ్రత్త అని. ఉద్యోగం పోయింది. నాకు నాలుగేండ్ల దోస్తు. పోయేటప్పుడు స్టేషనుకు నేను పోలే.

నువ్వు ఒక్కనివన్న గట్టిగ నిలబడ్డవు. అదే ధైర్యం నాకు.

జ్యోతి

●

ఎల్.బి.నగర్,
21 అక్టోబర్ 2024

అరుణజ్యోతికి,

దీంతోటి ఒక పాత ఉత్తరం పెడుతున్న. తారీకు చూడు. సెప్టెంబర్ ఎనిమిది. అప్పుడే రాసిన. బండి కింద బొగ్గు డబ్బల దాచిన. దాచి నీకు వానల సంగతి రాసిన. ముందు అది చదువు. తర్వాత ఇది.

నువ్వు నానబెట్టినవా అని అడిగితే నానబెట్టిన అని రాసిన. అది అబద్ధం గాదు. అబద్ధం కన్న పాడు. కడిగిన అని రాయలే. ఫోన్ వస్తే బజారుకు పోయిండని చెప్పమన్నది నేనే. ఇంట్లనే ఉన్న. తలుపు ఎనక నిలబడి విన్న.

కడిగింది తెల్వక కడిగిన. దాచింది తెలిసి దాచిన. నువ్వు మా మామ అని గొప్పగ చెప్పుకుంటవు. అది పోతదని భయమైంది. ఆ భయానికి ఒక ఆడపిల్ల నౌకరి పోయింది. ఆ వంట చేసే తల్లి నా దిక్కు తిరిగి దండం పెట్టిందన్నవు. అది తలుచుకుంటే ముద్ద దిగుతలేదు.

ఎన్కట అంగి పాడుచేసినప్పుడు గల్లీ వదిలి పోయిన. ఇప్పుడు ఎటు పోవాలె.

మీ అత్తకు నిన్ననే చెప్పిన. ఏం తిట్టలే. తిడితే బాగుండు. కాయితం, పెన్ను తెచ్చి ముంగట పెట్టింది.

బక్కయ్య

●

బీహార్,
10 నవంబర్ 2024

మామా,

ఇరవై దినాలు రాయలే. రాయబుద్ధి కాలే. దాచుకోను, కోపమొచ్చింది. నీ ఉత్తరాలన్నీ తీసి మంచం మీద వేసిన, చింపుదామని.

చింపేముందు ఒక్కొక్కటి చదివిన. జూన్ ఉత్తరం చదివిన. "ఈపారి నీ బట్టకు ఏం గాదు. తెల్లది కట్టుకొని విప్పు." నిమ్మచెక్కల సంగతి కూడ అండ్లనే ఉన్నది. నువ్వు చెప్పినవ్ మామా. గట్టి సంచిల కట్టినవేమో అనుకున్న నేను. విజయదుర్గ నల్లగ, శుభ్రంగ ఉన్నదని మెసేజ్ పెట్టింది. ఎర్రగ ఉండాల్సింది నల్లగ ఎందుకున్నదని నాకు అప్పుడే తట్టాలె. తట్టలే. లోపల మిగిలిన కొంచెం తుప్పు తోటి మొదటి రోజు పరీక్ష గట్టెక్కింది, అంతే.

ఇంకొకటి. తుప్పు పట్టించే ఆ ఇనుప పొడి ఎందుకో నేను నీకు చెప్పలే. ఎట్ల చెయ్యాలో రాసిన, ఎందుకో రాయలే. మామకు అదెందుకు, చెప్పింది చేస్తడు గద అనుకున్న. నీ బండి కింద కూర్చొని చదువుకున్నదాన్ని నేను అట్ల అనుకున్న.

ఇది చెప్పి నీ తప్పు చిన్నది చెయ్యను. దాచినందుకు నాకు ఇంక కోపమే ఉన్నది. కని రిపోర్టుల ఒక్క విజయదుర్గ పేరే ఉన్నది. మన ఇద్దరి పేర్లు లేవు.

ఆమెకు మూడు పేజీలు రాసిన. జవాబు లేదు. రిపోర్టు మార్చమని ఆఫీసుల అడిగిన. చూద్దాం అన్నరు.

ఇక్కడి ఆడోళ్ళు వాళ్ళ చెరుకు పిప్పితోటి వాళ్ళే బొగ్గు చేసుకోవాలని అనుకుంటున్నరు. వాళ్ళ కోసం ఎట్ల చెయ్యాలో ఒక కాయితం రాస్తున్న. ఈసారి ఎందుకో కూడ రాస్తున్న.

జ్యోతి

●

ఎల్.బి.నగర్,
24 నవంబర్ 2024

జ్యోతికి,

నువ్వు కోపం చేసుకో. అది నాకు కావాలె.

ఆ కాయితంల ఒక మాట నేను రాసి ఇస్తున్న. మార్చకు. చిన్నగ చెయ్యకు.

"తుప్పు కడగొద్దు. తుప్పే మందు. హైదరాబాదుల బక్కయ్య అనే ఇస్త్రీ ఆయన నిమ్మకాయతోటి కడిగిండు. అందుకు అరవై మంది పిల్లలు ఏడు వారాలు చెడ్డ నీళ్ళు తాగిండ్రు. తప్పు ఆయనది."

ఆ వంట చేసే తల్లి ముంగట చదువు. వాళ్ళ భాషల చదువు. నా పేరు ఇడవకు.

మీ ఆఫీసు వాళ్ళకు వేరే కాయితం రాసిన. జోగారావు సారు ఇంగ్లీషుల రాస్తనన్నడు. రాసి, తెలుగుల చెప్పి వినిపించిండు. "పొరపాటు జరిగినది" అని రాసిండు. సారూ, అది దానంతల అదే జరగలే, నేను చేసిన అని రాయండ్రి అన్న. సారు అద్దాలు తీసి నా దిక్కు చూసిండు. "ఇంతసేపు నువ్వు మాట్లాడడం ఇదే మొదటిసారయ్యా" అన్నడు. కొట్టేసి మళ్ళా రాసిండు. కింద సంతకం చేసిన. 

విజయదుర్గ బిడ్డ అడ్రసు పంపు. నేను రాస్త.

మళ్ళా నాలుగు సంచులు చేస్తున్న. సారు పొద్దుగాల వాకింగుకు వచ్చి చూసి పోతున్నడు. కుంకుమ లెక్క ఎర్రగ ఉన్నది. నా చేతులు, పంచె, అన్నీ ఎర్రగనే. కడుగుతలేను.

బక్కయ్య

●

బీహార్,
16 ఫిబ్రవరి 2025

మామా,

నాలుగు సంచులు కుండలల్ల పోసి తొమ్మిది వారాలైంది. ఈసారి వారం వారం పరీక్ష చేస్తున్న, నేనే. తొమ్మిది వారాలూ మంచిగనే ఉన్నయి. పంపుకు ఎర్ర రంగు అట్లనే ఉన్నది. నీలం వేస్తవా అని ఫూల్‌మతిని అడిగిన. "ఏడాది చూద్దాం" అన్నది. ఆమెకు ఆ హక్కు ఉన్నది.

రిపోర్టు మారింది. నీ కాయితం చూసినంకనే మార్చిండ్రు. విజయదుర్గ పేరు తీసిండ్రు. రమ్మన్నరు కూడ, ఆమె రానన్నది. కాకినాడల కాలేజీల చేరింది. మొన్న ఫోన్ చేసింది. "మీరు మూడు పేజీలు రాశారు, మీ మావయ్యగారు నాలుగు లైన్లు రాశారు. ఆయనది రెండుసార్లు చదివానండీ" అన్నది. నాది చదివినవా అని అడగలేకపోయిన. మెల్లగ మాట్లాడుతున్నది. మునుపటి లెక్క లేదు.

నీ మాట ఆడోళ్ళ ముంగట చదివిన. ఒక్క అక్షరం ఇడవలే.  ఫూల్‌మతి "పేరు మళ్ళీ చెప్పు" అన్నది. చెప్పిన. రెండుసార్లు పలికి నేర్చుకున్నది.

పోయిన వారం వాళ్ళు సొంతంగ మొదటి బొగ్గు చేసిండ్రు. ఒక కొత్త కోడలు, చేతులు ఎర్రగైతున్నయని బొగ్గు తీసుకపోయి నీళ్ళ బకెట్ల ముంచబోయింది. ఫూల్‌మతి ఆ చివర నుంచి అరిచింది. "ఏ బక్కయ్యా! కడగకు!"

అందరూ నవ్విండ్రు. ఇప్పుడు ఎవరు తప్పు చెయ్యబోయినా అదే పిలుపు. రొట్టె మాడబోతే కూడ "ఏ బక్కయ్యా" అంటున్నరు. ఇది నీకు రాయాలా వద్దా అని రెండు దినాలు ఆలోచించిన. దాస్తే నీకు కోపమొస్తదని రాస్తున్న.

చున్నీ పంపుతున్న. పోయిన ఏడాది అడిగినవ్ గద.

నీ
జ్యోతి

●

ఎల్.బి.నగర్,
8 మార్చి 2025

జ్యోతి బిడ్డకు,

ఉత్తరం చదివిన. మీ అత్తకు చదివి వినిపించిన. ఆ పిలుపు కాడ ఆగిన. రాములమ్మ కాయితం గుంజుకొని తనే చదువుకున్నది. పొద్దుగాల చాయ పొంగబోతే "ఏ బక్కయ్యా" అన్నది. సిగ్గయింది. అట్లనే పిలువనీ. ఆడ ఆ పిలుపు వినపడ్డన్నాళ్ళు ఎవరూ కడగరు.

చున్నీ వచ్చింది. మరక చూసిన. రూపాయి బిళ్ళంత ఉన్నది. రాములమ్మ నిమ్మకాయ కోసి, ఉప్పు తెచ్చి పెట్టింది. ఎండ మంచిగున్నది. ఒక్క పూట పని. పోతది. నాకు ఎరుక.

తియ్యలే.

పలచగ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన. మడత లోపలికి పోకుండ మరక పైకి వచ్చేటట్టు పెట్టిన. పంపుతున్న. బడికి పోయినప్పుడు వేసుకో. ఎవలన్న ఇదేంది అంటే, మా మామ పని అని చెప్పు.

బక్కయ్య